నాయిజ్ రాక్ ఆల్బంను మొదటిసారి వినేవారు దేనిని పట్టుకుని వినాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక మిత్రుడి మాట మీద సోనిక్ యూత్ బృందం వారి డేడ్రీమ్ నేషన్ ఆల్బం పెట్టుకున్నారు, రెండో పాట సగంలో గిటార్లన్నీ కలిసి రొదగా మారేసరికి ఆపేశారు, గిటార్ల రొదనే పాటలో భాగం చేసుకునే ఈ నాయిజ్ రాక్‌లో వినడానికి నిజంగా ఏమైనా ఉందా, ఉంటే మొదటిసారి వినేవారు దేనిని పట్టుకుని వినాలి అని అడుగుతున్నారు. నేను ఈ సంగీతంలోకి వచ్చింది కూడా ఆ ఆల్బం ద్వారానే కాబట్టి ఆ అనుభవాన్నే ఆధారం చేసుకుని చెబుతాను. డ్రమ్స్‌ను వదలకండి, గిటార్లలో బాణీ కోసం కాకుండా శ్రుతి కోసం వినండి. నాకు దారి చూపినవి ఈ రెండే.

ముందు ఆల్బం గురించి కొంత. సోనిక్ యూత్ 1981లో న్యూయార్క్‌లో ఏర్పడింది. థర్‌స్టన్ మూర్, లీ రనాల్డో గిటార్లు, కిమ్ గోర్డన్ బేస్ గిటార్ వాయించేవారు; ముగ్గురూ పాడేవారు. 1985లో స్టీవ్ షెల్లీ డ్రమ్మర్‌గా చేరారు. డేడ్రీమ్ నేషన్‌ను 1988 వేసవిలో న్యూయార్క్‌లోని గ్రీన్ స్ట్రీట్ స్టూడియోలో రికార్డు చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో అది రెండు ఎల్పీ రికార్డుల ఆల్బంగా వెలువడింది. నిడివి 70 నిమిషాల పైచిలుకు. రికార్డింగ్ ఇంజనీరు నిక్ సాన్సానో హిప్ హాప్ నుంచి వచ్చినవారు, పబ్లిక్ ఎనిమీ బృందానికి పనిచేసినవారు. ఈ ఆల్బంలో ఎంత రొద నడుమనైనా డ్రమ్ దెబ్బ విడిగా, స్పష్టంగా వినిపించడానికి ఆయన చెవి కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, భద్రపరచవలసిన జాతీయ రికార్డింగుల 2005 సంవత్సరపు జాబితాలో దీనిని చేర్చింది. అట్ట మీద జర్మన్ చిత్రకారుడు గెర్‌హార్డ్ రిష్టర్ 1983లో చిత్రించిన కొవ్వొత్తి ఉంటుంది. నిశ్చలంగా వెలుగుతున్న ఆ మంటను చూసి లోపలి సంగీతాన్ని ఊహించడం ఎవరికైనా కష్టమే.

నేను దీనిని మొదట విన్నది హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాత్రివేళ, హెడ్‌ఫోన్లలో. అప్పటివరకు నాకు పాట అంటే పల్లవి, చరణాలు, వాటి నడుమ వయొలినో వేణువో నింపే చోటు. మొదటి పాట టీనేజ్ రయట్ నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. అందులో మొదటి నిమిషానికి పైగా నెమ్మదైన గిటార్ మీద కిమ్ గోర్డన్ గొణుగుతున్నట్లు కొన్ని మాటలు పలుకుతారు. ఆ తరువాత అంతా ఆగి, వేగంగా సాగే గిటార్ వరుస ఒకటి మొదలై దాదాపు 7 నిమిషాల పాట చివరి వరకు నడిపిస్తుంది. చిక్కు వచ్చింది మీకు వచ్చిన చోటే, సిల్వర్ రాకెట్ దగ్గర. వాద్యాలు అందుకుని చెవికి ఊరట ఇవ్వవలసిన చోట బాణీ లేదు. తీగలను గీరుతున్న చప్పుడు, చెవిని కోసే కూత, అడుగున ఎడతెగని గర్జన. అది ఎక్కడికి పోతుందో చూద్దామని ఆగాను. కాసేపటికి బృందమంతా ఒక్క క్షణంలో మొదటి వేగానికి, మొదటి గిటార్ వరుసకు తిరిగి వచ్చింది.

నాకు మొదటి ఆధారం ఆ తిరిగి రావడంలోనే దొరికింది. కచేరీలో మృదంగం విడిగా మోగే తని ఆవర్తనం ఎంత దూరం వెళ్లినా చివరి ముక్తాయింపు తరువాత గాయకుడు పల్లవి ఎత్తుకునే చోటికి అందరూ సరిగ్గా చేరుకుంటారు. అలా చేరుకున్నారంటే లోపల ఎవరో లెక్క పెడుతూనే ఉన్నారని అర్థం. ఇక్కడ తాళం కచ్చితంగా ఆవర్తనాలలో కొలిచినది కాకపోవచ్చు, కానీ దారి తప్పిన నలుగురు వాద్యకారులు ఒకే క్షణంలో కలుసుకోలేరు. ఒకరినొకరు వింటూ, ఎప్పుడు రొద నిండిందో కలిసి నిర్ణయించుకుంటూ వాయిస్తున్నారు. ఆ తరువాత నేను ప్రతి పాటలోనూ స్టీవ్ షెల్లీని అనుసరించడం మొదలుపెట్టాను. గిటార్లు విడిపోతున్నప్పుడు ఆయన చేయి పలచబడుతుందా, చిక్కబడుతుందా, పూర్తిగా ఆగుతుందా అని వింటూ పోతే పాటకు ఆకారం వస్తుంది. మీరు కూడా రెండో పాటను మళ్లీ పెట్టి, గిటార్లను పూర్తిగా పక్కన పెట్టి, డ్రమ్స్ ఒక్కటే వినండి. రొద ముగిసే క్షణాన్ని మీ చెవి ముందుగానే పసిగట్టడం మొదలుపెడుతుంది. అలా పసిగట్టిన తరువాత అది మిమ్మల్ని బాధించే శబ్దంగా ఉండదు, ఒక ఎదురుచూపుగా మారుతుంది.

ఇక శ్రుతి సంగతి. ఇది నేను స్వయంగా కనుక్కున్నది కాదు. కర్ణాటక గాత్రం చాలాకాలం నేర్చుకున్న మా అక్క ఒక సెలవుల్లో ఈ ఆల్బంను కొంతసేపు నాతో కలిసి విని, "ఇది శ్రుతి తప్పింది కాదురా, ఇలాగే శ్రుతి చేసుకున్నారు" అంది. గిటార్ గురించి ఏమీ తెలియకుండా కేవలం చెవితో ఆమె పట్టుకున్నది అక్షరాలా నిజం. సాధారణంగా గిటార్‌లోని ఆరు తీగలకు ఒక స్థిరమైన అమరిక ఉంటుంది. లోకంలోని పాటలలో అధిక భాగం ఆ అమరికలోనే వస్తాయి. సోనిక్ యూత్ దానిని దాదాపుగా వదిలేసింది. తొలినాళ్లలో వారి దగ్గర ఉన్నవి చవకరకం గిటార్లు. మామూలు శ్రుతిలో అవి బాగా పలికేవి కావు. వాటికి తగిన కొత్త శ్రుతులు వెతుక్కుంటూ పోయి, ఒకే గిటార్ మీద రెండేసి తీగలను ఒకే స్వరానికి, లేదా పక్కపక్క స్వరాలకు బిగించుకున్నారు. ఒక్కో శ్రుతికి ఒక్కో గిటార్ కేటాయించుకోవలసి వచ్చింది. 1999 జూలైలో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ పట్టణంలో వారి వాద్యాలు, పరికరాలు ఉన్న వాహనం దొంగతనానికి గురైనప్పుడు ఆ నష్టం అంత పెద్దది కావడానికి కారణం ఇదే: ఒక్కో గిటార్‌తో పాటు కొన్ని పాటల శబ్దం కూడా పోయింది.

ఇలాంటి శ్రుతి చెవికి ఏం చేస్తుందో చెప్పడం సులభం. ఒక తీగ సెకనుకు 440 సార్లు, పక్క తీగ 442 సార్లు కంపిస్తే మనకు రెండు స్వరాలు విడివిడిగా వినిపించవు. సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గే ఒకే స్వరం వినిపిస్తుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో విస్పందనాలు అని చదువుకున్నది దీనినే. రెండు గిటార్లు, ఒక్కోదానిలో ఇలాంటి తీగల జంటలు, పైన ఆంప్లిఫయర్ చేర్చే వక్రీకరణ, అంటే శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్, అన్నీ కలిసినప్పుడు లెక్కలేనన్ని విస్పందనాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రొద అని మనం అనుకునే దానిలో చాలా భాగం ఈ అలలే. వాటిని బాణీగా వినబోతే ఏమీ దొరకదు. ఒక స్వరం చుట్టూ గాలి ఎలా కదులుతోందో వినబోతే మాత్రం చాలా దొరుకుతుంది. క్రాస్ ది బ్రీజ్ అనే పాట మొదట్లో, ఇంకా వేగం అందుకోకముందు, రెండు గిటార్లు ఒకదానిలో ఒకటి అల్లుకునే చోట ఇది అన్నిటికంటే హాయిగా వినిపిస్తుంది.

మిగిలిన శబ్దాలు ఎక్కడివో తెలిస్తే భయం తగ్గుతుంది. తీగల కింద డ్రమ్ పుల్లలు, స్క్రూడ్రైవర్లు దూర్చి వాయించడం ఈ బృందానికి అలవాటుగా ఉండేది. అప్పుడు గిటార్ గంటలా, ఇనుప రేకులా పలుకుతుంది. కూతలు ఫీడ్‌బ్యాక్ వల్ల వస్తాయి. గిటార్ పట్టిన శబ్దాన్ని స్పీకర్ పెద్దదిగా చేస్తుంది, ఆ శబ్దమే మళ్లీ వచ్చి తీగను కదిలిస్తుంది, ఆ వలయం తెగకుండా తిరుగుతుంది. పెళ్లి పందిట్లో మైకు కీచుమనేది కూడా సరిగ్గా ఇందువల్లే. తేడా ఏమిటంటే వీరు స్పీకర్‌కు ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడితే ఏ స్వరం కూస్తుందో సాధన చేసి తెలుసుకున్నారు.

ఈ పద్ధతులు గాలిలోంచి ఊడిపడలేదు. మూర్, రనాల్డో ఇద్దరూ సంగీతకర్త గ్లెన్ బ్రాంకా నడిపిన గిటార్ వాద్యబృందాలలో వాయించినవారు; ఒకే శ్రుతిలో అనేక గిటార్లను ఒకేసారి పెద్ద శబ్దంతో మోగించడం ఆయన పద్ధతి. ఇంకా వెనక్కి వెళితే 1960లలో న్యూయార్క్‌లో లా మాంటె యంగ్ అనే సంగీతకర్త ఒకే స్వరాన్ని గంటల తరబడి నిలిపే సంగీతం చేసేవారు. ఆయన బృందంలో వయోలా వాయించిన జాన్ కేల్ ఆ నిలిపే స్వరాన్ని వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బృందంలోకి తెచ్చారు. లా మాంటె యంగ్ 1970లో హిందుస్తానీ సంగీతంలోని కిరానా ఘరానాకు చెందిన గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యులయ్యారు. దీనిని బట్టి నాయిజ్ రాక్ మన సంగీతం నుంచి పుట్టిందనడం అతిశయోక్తి. నేను అలా అనను. కానీ తంబురా పక్కన కూర్చుని పెరిగిన చెవికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉందని మాత్రం గట్టిగా నమ్ముతాను. తంబురాలో తీగ బ్రిడ్జి మీద ఆనే చోట నూలు పోగు పెట్టి, దానిని అటూ ఇటూ జరిపి జీవాళి పలికిస్తారు. శుభ్రమైన స్వరానికి ఆ జుమ్మనే ధ్వనిని చేర్చేది అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు దాని పైన సన్నగా పలికే స్వరాలు, వినిపించాలనే. మా అక్క చెవి గిటార్లను అంత త్వరగా పట్టుకోవడానికి కారణం ఆ తంబురా అభ్యాసమే.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మొత్తం ఆల్బంను ఒకే విడతలో వినకండి. దీనిని ఎల్పీ రికార్డు నాలుగు వైపులకు సరిపడేలా కూర్చారు; ఒక వైపు అయిపోగానే లేచి రికార్డు తిప్పే విరామం ఆ కూర్పులో భాగం. మొదటి మూడు పాటలు ఒక రోజు, తరువాతి మూడు మరో రోజు, హే జోనీ నుంచి రెయిన్ కింగ్ వరకు నాలుగు పాటలు ఒకసారి, చివరిగా కిసబిలిటీ, దాని వెంట మూడు భాగాలుగా సాగే ట్రిలజీ. ఫోన్ స్పీకర్‌లో అసలు వద్దు. అందులో అడుగు స్వరాలు పోయి కూతలు మాత్రమే మిగులుతాయి, అప్పుడు ఎవరికైనా తలనొప్పి వస్తుంది. వీలైతే గదిలో రెండు స్పీకర్లు పెట్టుకుని మధ్యస్థమైన శబ్దంతో వినండి. ఇలాంటి సంగీతాన్ని చెవులు పగిలేలా పెట్టాలన్న నమ్మకంతో నేను ఏకీభవించను. చిన్న శబ్దంలో కూడా విస్పందనాలు వినిపిస్తాయి, పైగా చాలాసేపు వినగలుగుతారు. పెద్దవారికి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. హెడ్‌ఫోన్లు వాడేవారు ఆ పరిమితిని గౌరవించాలి. పాటల సాహిత్యం చదువుతూ వినవద్దని కూడా నా మనవి. ఇక్కడ గొంతును చాలాచోట్ల గిటార్ల మధ్యలోనే ఉంచారు, పైన కాదు. మాటలను వెంటాడితే మిగతాది జారిపోతుంది.

మూడో వైపున ప్రావిడెన్స్ అనే రెండున్నర నిమిషాల చిన్న అంకం ఉంది. మిమ్మల్ని ఈ ఆల్బంకు దగ్గర చేయగలిగేది అదేనని నాకు తోస్తుంది. అందులో డ్రమ్స్ లేవు, గిటార్లు లేవు. ఒక పియానో, వేడెక్కిపోయిన ఆంప్లిఫయర్ చేసే గరగర, టెలిఫోన్ ఆన్సరింగ్ మెషీన్ మీద బృంద మిత్రుడు, బేస్ గిటార్ వాద్యకారుడు మైక్ వాట్ వదిలిన సందేశాలు. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరం నుంచి ఫోన్ చేసి, పోగొట్టుకున్న కేబుళ్ల గురించి ఆయన అడుగుతూ ఉంటారు. చెడిపోయిన యంత్రపు చప్పుడు పియానో కింద పరుచుకుని, ఎవరో దూరం నుంచి పిలుస్తున్న దిగులును మోస్తుంది. రొద కోపానికే పనికివస్తుందన్న నా ఆలోచనను మార్చినది ఇదే. మొదటి వైపు కష్టంగా ఉంటే ముందు దీనిని విని, ఆ తరువాత సిల్వర్ రాకెట్‌కు వెళ్లినా నష్టం లేదు. రెండో వైపు చివర వచ్చే టోటల్ ట్రాష్ మాత్రం మొదటిసారికి బరువు. దాని నడుమ సాగే రొద ఆ పాట మోయగలిగినదానికంటే పొడవైనదని ఇప్పటికీ నా అభిప్రాయం. విసుగు వస్తే దాటవేయండి.

ఈ ఆల్బం మీకు పట్టుబడితే తరువాత రెండింటిని సూచిస్తాను. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1968లో విడుదల చేసిన వైట్ లైట్ వైట్ హీట్ చివర 17 నిమిషాలకు పైగా సాగే పాట ఒకటి ఉంది. అందులో జాన్ కేల్ ఆర్గాన్, గిటార్లు ఒకదానినొకటి మింగడానికి పోటీ పడుతుండగా మోరీన్ టకర్ డ్రమ్స్‌ను ఎలా నిలబెట్టారో వినండి. రెండోది ద జీసస్ లిజర్డ్ బృందం 1991లో తెచ్చిన గోట్. స్టీవ్ ఆల్బిని రికార్డు చేసిన ఆ ఆల్బంలో రొద చాలా తక్కువ, ప్రతి వాద్యం గీత గీసినట్లు విడిగా ఉంటుంది, గాయకుడి గొంతు మాత్రం లోపల ఎక్కడో చిక్కుకుని పెనుగులాడుతుంది. జపాన్‌కు చెందిన మెర్జ్‌బో వంటివారి స్వచ్ఛమైన నాయిజ్ సంగీతానికి ఇప్పుడే వెళ్లవద్దు. అక్కడ చాలాచోట్ల పట్టుకోవడానికి డ్రమ్స్ ఉండవు, తిరిగి రావడానికి పాటా ఉండదు. దానిని వినే పద్ధతి పూర్తిగా వేరు, అందుకు మరో ప్రశ్న అడిగితే విడిగా రాస్తాను.