పచ్చిగుడ్డు తాగకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నావని, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నావని, పొద్దున ఐదింటికే లేచి గ్రౌండ్‌కు పోతున్నావని చెప్పాడు. వినగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన ఇంట్లో నా తర్వాత గ్రౌండ్‌లో దిగిన ఆడపిల్లవు నువ్వే. రాత్రి మీ మామయ్యకు నాలుగుసార్లు చెప్పాను ఆ సంగతి.

కానీ మీ నాన్న అంతటితో ఆపలేదు. నువ్వు టిఫిన్ మానేశావట. దాని బదులు ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనుక్కుంటానని రెండున్నర వేలు అడిగావట. అది వచ్చేదాకా, గ్రౌండ్‌లో ఎవరో చెప్పారని, రోజూ రెండు పచ్చిగుడ్లు పాలల్లో కొట్టుకుని తాగుతున్నావట. ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పచ్చిగుడ్లు ఆపెయ్. ఉత్తరం మిగతాది ఆదివారం తీరికగా చదువుకో, ఇది మాత్రం రేపటి నుంచే ఆపెయ్.

ఉడకబెడితే బలం పోతుందని నీకు చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు. అసలు సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉంది. 1998లో బెల్జియంలో మనుషుల మీదే పరీక్ష చేసి చూశారు. ఉడికిన గుడ్డులోని ప్రోటీన్ వందకు తొంభై పాళ్ళు ఒంటికి పట్టింది, పచ్చిగుడ్డులోది సగమే పట్టింది. అంటే నువ్వు రెండు గుడ్లు తాగి ఒక గుడ్డు బలమే తీసుకుంటున్నావు. పైగా పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే పదార్థం ఉంటుంది, అది బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనివ్వదు. ఉడికిస్తే దాని బలం పోతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, గుడ్డులో ఉండగలిగే, వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఒక ఎత్తు. దాని సంగతి నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. అది నా ఒంటి మీదికి వచ్చింది, నీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు.

1984లో నాకు ఇరవై ఏళ్ళు. జిల్లా కబడ్డీ జట్టులోకి నన్ను తీసుకున్నారు. అప్పుడు మ్యాట్లు లేవు, మట్టి కోర్టే. ఆడపిల్లల కబడ్డీ ఆసియా క్రీడల్లోకి వచ్చింది 2010లో, మేము ఆడిన రోజుల్లో ఆడపిల్ల లాగు వేసుకుని కూత పెట్టడమే ఊళ్ళో పెద్ద మాట. మన ఇంట్లో అప్పుడు నాలుగు కోళ్ళు ఉండేవి. గుడ్లు ఎవరం తినేవాళ్ళం కాదు. బుధవారం అంగడికి పోయేవి, ఆ పైసలతో మీ నాన్నకు నోటు పుస్తకాలు వచ్చేవి. నన్ను జట్టులోకి తీసుకున్నారని తెలిసిన రోజు మా నాయన, అంటే మీ తాత, మీ నాయనమ్మతో ఒకటే మాట అన్నాడు: "ఇంక గుడ్లు అంగడికి పోవద్దు, బిడ్డకు పెట్టు." ఆయన మటుకు ఒక్క గుడ్డు ముట్టలేదు.

అమ్మ ఉడకబెట్టి ఇస్తానంటే నేను వద్దన్నాను. జట్టులో ఒక సీనియర్ అక్క ఉండేది, పచ్చిది తాగితేనే దమ్ము పెరుగుతుందని ఆమె చెప్పింది. ఆమె ఆట చూసి ఆమె ఏం చెప్పినా నమ్మేదాన్ని. రోజూ పొద్దున మూడు గుడ్లు గ్లాసులో కొట్టుకుని, ముక్కు మూసుకుని తాగేదాన్ని. గుడ్లు తాగానన్న ధీమాతో జొన్నరొట్టె, పప్పు మానేశాను. కడుపు బరువెక్కితే పరుగు రాదని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అమ్మ రొట్టె చేసి మూత పెట్టి ఉంచేది, నేను ముట్టకుండా పోయేదాన్ని. మధ్యాహ్నానికి కాళ్ళు వణికేవి. అది కసరత్తు వల్ల అనుకున్నాను.

ఇంటి కోళ్ళ గుడ్లతో పన్నెండు రోజులు ఏమీ కాలేదు. తర్వాత రాష్ట్ర పోటీల కోసం క్యాంపుకు తీసుకుపోయారు. అక్కడ గుడ్లు పక్క కొట్లో కొన్నాను. ఎండలో పెట్టిన బుట్ట, ఒక గుడ్డుకు సన్నగా పగులు కూడా ఉంది. చూశాను, చూసీ కొట్టుకుని తాగాను. మర్నాడు సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. మ్యాచ్‌కు ఇంకా ఒక్క రోజే ఉంది. కోచ్‌కు చెబితే నన్ను పక్కన పెడతారని నోరు మెదపలేదు. రాత్రంతా దొడ్డివైపు తిరిగాను, పక్క అమ్మాయికి కూడా నిజం చెప్పలేదు, నిద్ర పట్టక తిరుగుతున్నానన్నాను. పొద్దున ముఖం కడుక్కుని, పౌడర్ రాసుకుని, కోర్టులోకి దిగాను.

రెండో రైడ్‌కు పోయాను. కూత పెడుతూనే ఉన్నాను, గొంతులోంచి వస్తోంది కూడా. కళ్ళ ముందు మాత్రం కోర్టు కనిపించడం మానేసింది. వెనక్కి తిరిగానో లేదో నాకు తెలియదు. మధ్యగీతకు రెండు అడుగుల అవతల పడిపోయానని తర్వాత చెప్పారు. పడినప్పుడు కుడి మడమ మెలిపడింది. నా బదులు దిగడానికి రిజర్వులో ఒక అమ్మాయి ఉంది, బాగా ఆడేది. నేను ముందే చెప్పి ఉంటే ఆమె మొదటి నుంచే ఆడేది. ఆ మ్యాచ్ పోయింది, దాంతో జట్టంతా ఇంటికి. వాళ్ళలో ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. ఇప్పటికీ ఆ రిజర్వు అమ్మాయి ముఖం గుర్తుంది నాకు.

సెలైన్ ఎక్కిస్తుంటే రాత్రి పదకొండింటికి మీ తాత వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. సంచిలో జొన్న జావ, పలుచటి పెసరకట్టు ఉన్న టిఫిన్ గిన్నె. తువ్వాలతో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చినట్టున్నాడు, ఇంకా గోరువెచ్చగానే ఉంది. తిడతాడని కళ్ళు మూసుకున్నాను. నా కాళ్ళ దగ్గర కూర్చుని మడమ మీద చెయ్యి వేసి, "కడుపు నొస్తే చెప్పాలె కదా బిడ్డా" అన్నాడు. ఆట గురించి ఒక్క మాట కూడా అడగలేదు. అప్పుడు ఏడ్చాను.

ఆ మడమ మళ్ళీ మునుపటిలా కాలేదు. తర్వాత బడిలో ఆటల టీచర్‌ను, అదే పీఈటీని అయ్యాను, ముప్పై రెండేళ్ళు పిల్లలను ఆడించాను. ఏ పిల్ల ప్రార్థనలో తూలినా నేను మొదట అడిగింది "పొద్దున ఏం తిన్నావు" అనే.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు, లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు, నాలుగు కిలోల షాట్‌పుట్ నాలుగు మీటర్లు. ఇందులో కండలు చూపించే పని ఎక్కడుంది? నీకు కావలసింది దమ్ము, తొడల్లో సత్తువ, రోజూ అరిగిన కండ రోజూ పూడ్చుకోవడం. దానికి ఆ డబ్బా అక్కర్లేదు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెర, చక్కెర బదులు వేసే తీపి పదార్థాలు, వాసన కోసం కలిపేవి ఉండవచ్చని కూడా చెప్పింది. ఆ రెండున్నర వేలకు రోజూ రెండు గుడ్ల చొప్పున నెలల తరబడి వస్తాయి.

ఎంత కావాలో లెక్క కూడా చెబుతాను. ఆ సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్. నువ్వు 54 కిలోలు అంటే 45 గ్రాములు. రోజూ పరుగెత్తేదానివి కాబట్టి 65 దాకా పెట్టుకో. అందులో పొద్దున తిండిలోనే 20 వచ్చేలా చూసుకుంటే మిగతాది రెండు పూటల పప్పు, పెరుగుతో వచ్చేస్తుంది. ఉట్టి మూడు ఇడ్లీలతో ఆరు గ్రాములకు మించి రాదు. అలాగని ఇడ్లీ మానొద్దు. ప్రోటీన్‌లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, అది మినపప్పులో ఉంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంది, రెండూ కలిస్తేనే ప్రోటీన్ నిండుగా పడుతుంది. మన పెద్దవాళ్ళు ఇడ్లీ, దోసె, పప్పన్నం అన్నీ అలాగే కలిపారు. ఆ మూడు ఇడ్లీల పక్కన రెండు ఉడికిన గుడ్లు పెట్టుకుని, పల్లీ చట్నీ బాగా వేసుకుంటే నీ 20 పూర్తయినట్టే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. పచ్చసొన పారేస్తున్నావని కూడా విన్నాను. అందులోనూ ప్రోటీన్ ఉంది, మిగతా బలం చాలావరకు అందులోనే ఉంది. నీ వయసులో, నీ పరుగుకు, దాన్ని పారేయాల్సిన పని లేదు.

పగిలిన గుడ్డు కొనకు. నీళ్ళు మరిగాక పది నిమిషాలు ఉడకనివ్వు.

గుడ్డు మొహం మొత్తిన రోజు పెసరట్టు. టీ గ్లాసు నిండా పెసలు అంటే దాదాపు 80 గ్రాములు, అందులో 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రాత్రి నానబెట్టు, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బు, మూడు అట్లు వస్తాయి. రూమ్‌లో మిక్సీ లేదంటావు. అయితే గుడాలు చేసుకో. శనగలో, అలసందలో, ఉలవలో, ఏదైనా రాత్రి నానబెట్టి కుక్కర్‌లో పెట్టి ఉల్లిపాయతో తాలింపు. పైన నిమ్మకాయ పిండు. ఆ పులుపుతో పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, నీకు నెలనెలా పోయే రక్తానికి అది కావాలి. టిఫిన్ తినగానే టీ తాగే అలవాటు నీకు చిన్నప్పటి నుంచి ఉంది, ఆ ఇనుమును చాలావరకు టీ పట్టేసుకుంటుంది. ఒక గంట ఆగి తాగు. ఈ ఒక్క విషయంలో నేను ఎన్నిసార్లు చెప్పినా నా మాట వినలేదు నువ్వు, ఇప్పుడైనా విను.

మొలకలు పచ్చివి తినకు. నువ్వు నవ్వుకున్నా సరే, పచ్చివంటే నాకు భయమే. వెచ్చటి తడిలో మొలకలతో పాటు క్రిములూ పెరుగుతాయి. ఐదు నిమిషాలు ఆవిరి పట్టించి తిను. ఉప్మా చేసుకుంటే గుప్పెడు పల్లీలు వెయ్, ఏడు గ్రాముల దాకా పెరుగుతుంది. పల్లీ చేదుగా ఉన్నా, బూజు పట్టినా ఏరుకుని తినడం కాదు, మొత్తం పారెయ్. మీల్ మేకర్ చవక, పాతిక గ్రాములకే 13 గ్రాముల ప్రోటీన్. వేడినీళ్ళలో వేసి పిండి, ఉప్మాలోనో కిచిడీలోనో కలుపు. పాలు, పెరుగు నీకు ఇష్టమే కాబట్టి చెప్పక్కర్లేదు.

పరుగుకు ముందు కడుపు ఖాళీగా పోకు, ఒక అరటిపండు తిను చాలు. అయ్యాక నిదానంగా నడిచి, నీళ్ళు తాగి, గంటలోపు టిఫిన్. గ్రౌండ్ నుంచి రూమ్‌కు రావడం ఆలస్యమయ్యే రోజు కోసం జేబులో పుట్నాలు, చిన్న బెల్లం ముక్క ఉంచుకో. ఈవెంట్స్ రోజు, అంటే ఆ పరుగు, జంప్, షాట్‌పుట్ పరీక్షల రోజు మాత్రం కొత్తది ఏదీ తినకు. ఎవరు ఏ గ్లాసు ఇచ్చినా, ఎంత ఆప్యాయంగా ఇచ్చినా తాగకు. నెల రోజులుగా నీ కడుపుకు అలవాటైన ఇడ్లీనే, పరుగుకు రెండు గంటల ముందు.

ఒంట్లో బాగాలేకపోతే దాచకు. మీ నాన్న టెన్షన్ పడతాడనిపిస్తే నాకు చెప్పు. అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతాను. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ ఎంత దూరం, పొద్దున బస్సుకు వస్తే నీ టిఫిన్ వేళ దాటకముందే నీ దగ్గర ఉంటాను. నిన్ను తిట్టను. మీ తాత నన్ను తిట్టలేదు.

శనివారం మీ నాన్న వస్తున్నాడు కదా, ఆయన చేతికి సంచి ఇచ్చి పంపుతున్నాను. రెండు కిలోల పెసలు, కిలో ఎర్ర శనగలు, వేయించిన పల్లీలు, కందిపొడి, మినప సున్నుండలు ఇరవై. సున్నుండలు రోజుకు ఒకటే, నెయ్యి బాగా పోశాను. గ్రైండర్ కావాలంటే నా చిన్న మిక్సీ కూడా పెడతాను, చెప్పు. పుట్నాల పొడి స్టీలు డబ్బాలో ఉంది, దాని మూత బిగుసుకుపోతుంది. రాకపోతే చెంచాతో పొడవకు, మూత మీద వేడినీళ్ళ బట్ట కాసేపు వేసి తిప్పు.

మీ అత్తమ్మ