కొత్త ఎయిర్ పిస్టల్ చేతిలో కుదరడం లేదా? అమ్మే ముందు పిడి సంగతి చూడండి

"కొత్త ఎయిర్ పిస్టల్ కొన్నాను. మొదటి రోజు షూటింగ్ రేంజ్‌లో షాట్లన్నీ ఎడమ పక్కకి, కిందకి పడ్డాయి. గ్రిప్ కూడా చేతిలో కూర్చోవడం లేదు. అమ్మేసి వేరే బ్రాండ్ తీసుకోవాలా?" అని మీలో ఒకరు అడిగారు.

అమ్మకండి. స్టేయర్, మోరిని, వాల్తర్, పార్డిని, ఫైన్‌వెర్క్‌బావు... మీరు కొన్నది వీటిలో ఏదైనా సరే, దాన్ని కదలకుండా బిగించి పది మీటర్ల నుంచి కాలిస్తే పెల్లెట్లన్నీ (సీసపు గుళ్లు) దాదాపు ఒకే రంధ్రంలో దూరతాయి. పెట్టెలో ఫ్యాక్టరీ వాళ్లు కాల్చి చూసి పెట్టిన టెస్ట్ టార్గెట్ కాగితం ఉంటే తీసి చూడండి. గొట్టం పని అది చేస్తోంది. మీ చేతికీ దానికీ మధ్య ఉన్న చెక్కముక్కే, అంటే పిడే (గ్రిప్), ఇంకా మీది కాలేదు.

నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున పూట ప్రాక్టీస్ చేస్తాను. నా చెయ్యి చిన్నది. ఈ ఊళ్లో అయినా, హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నా, షాపు వాళ్ల దగ్గర దొరికేది మీడియం, లేదంటే లార్జ్. స్మాల్ కావాలంటే "ఆర్డర్ పెట్టాలి మేడం, టైమ్ పడుతుంది" అంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో షూటర్ మనూ భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక ఎంతమంది ఆడపిల్లలు రేంజ్‌లకి వస్తున్నారో వీళ్లకి తెలియదా? మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచింది. ఇంత జరిగాక కూడా పన్నెండేళ్ల పిల్ల చేతిలో పెద్ద మగవాళ్ల సైజు గ్రిప్ పెట్టి "అలవాటైపోతుందిలే" అనే కోచ్‌లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలవాటవుతుంది నిజమే, తప్పుగా పట్టుకోవడం అలవాటవుతుంది.

నా పిస్టల్ మొదటి రోజు నాకూ ఇదే అనుభవం. ట్రిగర్ అద్భుతంగా ఉంది. మొదటి దశ మెత్తగా వెనక్కి వచ్చి ఒక చోట ఆగుతుంది, అక్కడి నుంచి వెంట్రుకవాసి నొక్కితే చాలు. పోటీ రూల్ ప్రకారం ట్రిగర్ నొక్కడానికి కనీసం 500 గ్రాముల బరువు పట్టాలి, అంతే పెట్టారు. కాల్చినప్పుడు కుదుపు తెలియనే తెలియదు. అయినా చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ ముందు సైట్ (గొట్టం కొసన గురి చూసే పలక) ఒక్కో చోట కనిపించేది. రెండు సైట్ల మధ్య దూరం ముప్పై, ముప్పై రెండు సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. ముందు సైట్ పావు మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దూరంలో అది దాదాపు 8 మిల్లీమీటర్లవుతుంది, అంటే టార్గెట్ మీద ఒక రింగు పక్కకి పోయినట్టే. పదో రింగు మొత్తం వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. ఇక పిడి చేతిలో ఒక్క పిసరు తిరిగితే స్కోరు ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి.

అప్పుడు నేను పిస్టల్ నుంచి గ్రిప్ ఊడదీసి, అది ఒక్కటే సంచిలో వేసుకుని పటమటలో మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. పిస్టల్ తీసుకెళ్లకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, చెక్క పొట్టు ట్రిగర్‌లోకి పోతే దాని ప్రాణం పోతుంది. రెండు, రోడ్డు మీద పిస్టల్ బయటికి తీస్తే జనం మూగుతారు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం రంధ్రం), 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదని ఎంత చెప్పినా మా చుట్టాలే నమ్మరు. పైగా ప్రతి పెళ్లిలో ఎవరో ఒక కుర్రాడు "అక్కా, ఒక్క ఫొటో దిగుతా ఇవ్వవా" అంటాడు. ఆట సామానుని సినిమా సామానులా చూడటం మానేదాకా ఈ బాధ తప్పదు.

మేస్త్రి గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పిస్టలు పిడా అమ్మా? కర్ర మంచిదే. మరి ఇబ్బందేంటి?" అన్నారు. పట్టుకుంటే నిండుగా లేదు, బొటనవేలి కింద గుచ్చుకుంటోంది అని చెప్పాను. నేను ఉలి వేసి చెక్కేస్తారనుకున్నాను. ఆయన ఉలి ముట్టుకోలేదు. చెక్కల మీద దారంతో గీత కొట్టడానికి వాడే నీలం పొడి డబ్బా తీసి, నా అరచేతికి పల్చగా రాసుకోమన్నారు. "నువ్వు కాల్చేటప్పుడు ఎట్లా పట్టుకుంటావో అట్లాగే పట్టుకో తల్లీ. నాకు చూపించడానికని గట్టిగా పట్టుకోవద్దు" అన్నారు.

పట్టుకుని వదిలేసరికి అంతా కర్ర మీద రాసి పెట్టినట్టు కనిపించింది. బొటనవేలి మొదలు ఆనేచోట చిక్కటి నీలం. మధ్యవేలు, ఉంగరపు వేలు కొసల దగ్గర రెండు చుక్కలు. చూపుడు వేలు పక్కవాటంగా రాసుకుపోయిన ఒక గీత. అరచెయ్యి గుంట ఉండాల్సిన చోట మాత్రం నీలం అన్నదే లేదు, కర్ర శుభ్రంగా మెరుస్తోంది. అంటే ఇన్నాళ్లూ నేను పిడిని అంచులతో పట్టుకుంటున్నాను, నడుమంతా ఖాళీ.

ఆయన ఒక పక్క గుండ్రంగా ఉండే ఆకురాయి తీసుకుని చిక్కటి నీలం ఉన్నచోట మెల్లగా నాలుగు రాపిళ్లు రాశారు, తుడిచారు, మళ్లీ పొడి, మళ్లీ పట్టుకోవడం. చూపుడు వేలు రాసుకునే గీత దగ్గర మాత్రం కాస్త ఎక్కువే తీశారు, వేలికీ కర్రకీ మధ్య సన్నటి వెలుతురు కనిపించేదాకా. ఆ తర్వాత ఖాళీ ఉన్నచోట ఎం-సీల్ ముద్ద పిసికి అద్ది, నా చేతికి కొబ్బరినూనె రాయించి పట్టుకోమన్నారు. ముద్ద కాస్త గట్టిపడేదాకా కదలనివ్వలేదు. మర్నాడు పూర్తిగా ఎండాక సన్న ఉప్పుకాగితంతో అంచులు కలిపారు.

మళ్లీ రేంజ్‌కి వెళ్లి పిడి బిగించి చెయ్యి ఎత్తితే, వేళ్లు వెతుక్కోకుండా ఎవరి చోట వాళ్లు వెళ్లి కూర్చున్నాయి. షాట్లన్నీ పదిలో పడ్డాయని చెప్పను, కానీ ఎడమ కింద మూల ఖాళీ అయింది. టార్గెట్ కార్డు వెనక్కి లాక్కుని చూస్తే రంధ్రాలన్నీ నలుపు మధ్యకి దగ్గరగా చేరాయి.

ఇప్పుడు మీ సంగతి. కుడిచేతి వాటం అయితే, ఎడమ కిందకి పోవడానికి నాకు కనిపించే కారణాలు రెండు. పిడి పెద్దదైతే చూపుడు వేలు కొస మాత్రమే ట్రిగర్‌కి అందుతుంది, ఆ కొస దాన్ని సూటిగా వెనక్కి లాగకుండా పక్కకి తోస్తుంది. రెండోది, ఖాళీగా ఉన్న పిడిని చెయ్యి చివరి క్షణంలో గట్టిగా నలిపేస్తుంది, మూతి కిందకి వంగుతుంది. కాబట్టి ఆకురాయి పట్టుకునే ముందు ట్రిగర్‌నే వెనక్కి జరపండి. మంచి పిస్టళ్లన్నిటిలో దానికి అలెన్ స్క్రూ ఉంటుంది. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగర్ మీద సూటిగా పడాలి.

తర్వాత ఒక పరీక్ష. పెల్లెట్ లేకుండా, డ్రై ఫైర్‌లో (గాలి వదలకుండా ట్రిగర్ మాత్రమే పనిచేసే సెట్టింగ్) పెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. రెండు ఊపిరులు ఆగి కళ్లు తెరవండి. ముందు సైట్ ఎప్పుడూ ఒకే పక్కకి ఉంటే పిడిని సర్దాలి. కిందకి మునిగి ఉంటే పిడి వాలు మార్చాలి, ఆ సర్దుబాటు చాలా పిస్టళ్లలో స్క్రూతోనే అవుతుంది. ఒక్కోసారి ఒక్కో చోట ఉంటే మాత్రం మీ పిడిలో ఖాళీ ఉన్నట్టే. నీలం పొడి దొరక్కపోతే మొహానికి రాసుకునే పౌడరైనా సరే.

ఎంత కావాలంటే అంత చెక్కేయడం, కలిపేయడం కుదరదు. పోటీ రూల్స్ ప్రకారం పిడి చెయ్యి చుట్టూ చుట్టుకోకూడదు, మణికట్టు ఫ్రీగా కనిపించాలి, పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. కింద చెయ్యి ఆనే పలకని బిగించేసి చెయ్యిని కట్టేసినట్టు చేసుకునేవాళ్లని చూశాను. పోటీకి వెళ్తే చెకింగ్‌లో ఆపేస్తారు.

ఇంకో మాట, ఆకురాయి పెట్టిన చోట వార్నిష్ వేయకండి. మే నెలలో బెజవాడ ఉక్కపోతకి, కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన హాల్లో, వార్నిష్ వేసిన పిడి చేతిలో జారిపోతుంది. కర్రని గరుకుగానే ఉంచి, పక్కన పొడి తువ్వాలు పెట్టుకోండి.

ఇవన్నీ చేశాక కూడా అమ్మాలనే అనిపించి సెకండ్ హ్యాండ్ ఇంకోటి చూస్తే, ముందు గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చదవండి. చాలా కంపెనీలు దానికి ఇచ్చే ఆయుష్షు పదేళ్లే. అమ్మేవాళ్లు ఆ సంగతి ఎత్తరు, కొనేవాళ్లు అడగరు. పిస్టల్ చౌకగా వచ్చిందని సంబరపడ్డ తర్వాత కొత్త సిలిండర్ల ఖర్చు నెత్తిన పడుతుంది.

మీ అరచెయ్యి కొలత, పిడి సైజు ఏంటో కింద రాయండి. పౌడర్ అచ్చు ఫొటో కూడా పెడితే ఎక్కడ ఆకురాయి పెట్టాలో, ఎక్కడ నింపాలో చూసి చెప్తాను.