విభాగాధిపతి అయ్యారు కదా, ముందు గదులు కొలవండి

"ఎమ్మెస్సీ తరగతిలో నాలుగింట మూడు వంతులు అమ్మాయిలే. అధ్యాపకుల గదుల ముందు బోర్డులు చూస్తే పద్నాలుగింటిలో రెండే ఆడవాళ్ల పేర్లు. కొత్తగా విభాగాధిపతినయ్యాను, చేతిలో నిధులు లేవు, ఏం చేయగలను?" అని మీరు అడిగారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఇరవై ఆరేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. నిధులు లేకపోవడమే నయం. ఉంటే మార్చి 8న శాలువాలకూ జ్ఞాపికలకూ ఖర్చయిపోయేవి.

"ఆడపిల్లలు సైన్సు వైపు రావడం లేదండీ" అని మీ దగ్గర ఎవరైనా అంటే 2021-22 ఉన్నత విద్య సర్వే చూపించండి. దేశంలో సైన్సు చదివే 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఆ తర్వాత ఎక్కడ జారిపోతున్నారో మీ వరండాలోనే వెతకాలి.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరినప్పుడు స్టోర్స్ పక్కన సగం గది ఇచ్చి "ప్రస్తుతానికి సర్దుకోండి మేడమ్" అన్నారు. ఆ 'ప్రస్తుతానికి' ఏడేళ్లు నడిచింది. ఆ గదికి ఫ్యూమ్ హుడ్, అంటే రసాయనాల ఆవిర్లను ఫ్యానుతో బయటికి లాగేసే అర, లేదు. వరండా అవతలి ల్యాబులో సారు భోజనానికి వెళ్లిన గంటలో నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్కాలరు ఫ్లాస్కు పట్టుకుని పరుగున వెళ్లేది. ఆయన తిరిగి వచ్చేలోగా ద్రావణిని ఆవిరి చేసుకుని, హుడ్ తుడిచి మరీ వచ్చేది.

ఆ రోజుల్లోనే అమెరికాలోని ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్రవేత్త చేసిన పని గురించి చదివాను. తనకు ల్యాబు స్థలం తక్కువ ఇచ్చారంటే ఎవరూ నమ్మకపోవడంతో ఆమె టేపు పట్టుకుని గదులన్నీ కొలిచింది. 1994లో అక్కడి ఆరు సైన్సు విభాగాల్లో శాశ్వత హోదా ఉన్న ఆచార్యులు మగవాళ్లు 194 మంది, ఆడవాళ్లు 15 మంది. ఆ పదిహేను మందిలో చాలామంది ఎవరికి వారు తమ ఒక్కరి కష్టమే అనుకుంటూ వచ్చారు. కలిసి కూర్చుని లెక్కలు తీశాక, 1999లో వచ్చిన నివేదికలో ఆ సంస్థే తప్పు ఒప్పుకుంది.

టేపు పట్టుకుని తిరగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం అటెండరును తాళాలు తీయమని, నేల మీద పరిచిన రెండడుగుల పలకలు లెక్కపెట్టాను. నాకు 48. నాకంటే రెండేళ్లు వెనక చేరిన సహోద్యోగికి 130. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఎవరైనా రిటైరైతే ఆ గది ముందు అడిగినవారికి పోతుంది. ఆ అడగడమేమో సాయంత్రం అయిదున్నరకు గేటు బయట టీ బండి దగ్గర జరుగుతుంది. ఆ వేళకు నేను పిల్లవాణ్ని తెచ్చుకోవడానికి బస్సులో ఉండేదాన్ని.

కాబట్టి మొదట గదుల రిజిస్టరు తీసి, ఎవరికి ఎంత స్థలముందో, ఏ పరికరం ఎవరి తాళం కింద ఉందో రాయించండి. ఆ కాగితం పక్కనే బాధ్యతల పట్టిక కూడా పెట్టండి. కొనుగోళ్ల కమిటీలో, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎవరున్నారు? విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే నాక్ సంస్థకు పంపే ఫైళ్లు, హాస్టల్ వార్డెన్ పని, అతిథులకు స్వాగతం ఎవరి నెత్తిన ఉన్నాయి? "మీరైతే నీటుగా చేస్తారు మేడమ్" అనే మాట విని నేను మూడుసార్లు నాక్ ఫైళ్లు మోశాను. ఆ మూడుసార్లూ ఒక్కో పరిశోధన పేపరు వెనకబడింది. ఇంటర్వ్యూ బోర్డు అడిగింది పేపర్ల గురించే. ఈ పనులను వంతులు వేయండి, పైసా ఖర్చు లేదు.

స్కాలర్ల విషయానికి వస్తే, పీహెచ్‌డీ చేస్తున్న మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ల సడలింపు యూజీసీ 2016 నిబంధనల్లోనే ఉన్నాయి. 2022 నిబంధనల్లోనూ కొనసాగాయి. గర్భవతిగా అయిదో నెలలో ఉన్న మా విభాగం స్కాలరు ఒకతె "మానేయమంటారా మేడమ్" అని అడిగింది. ఆమె గైడుకు ఈ సంగతి తెలియదు. ఆఫీసులో గుమాస్తా "ఆర్డరు కాపీ ఉందా" అన్నాడు. ప్రింటు తీసి ఇస్తే పది నిమిషాల్లో పని అయింది. ఆ పేజీని నోటీసు బోర్డుకు అంటించండి. పక్కనే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు కూడా.

పరిశోధన వృత్తి మధ్యలో ఆగిపోయినవారి కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. మంచి పథకమే, చాలామందిని తిరిగి ల్యాబుకు రప్పించింది. కానీ మూడేళ్ల ప్రాజెక్టు ముగిసిన నాడు ఆమె కుర్చీ ఎక్కడ అన్నది ఎవరూ అడగరు. ఖాళీలు భర్తీ చేయకుండా ఈ మాటలన్నీ సగమే అని నాకూ తెలుసు. అది మీ చేతిలో లేదు. విభాగం మీటింగులు మధ్యాహ్నం రెండింటికి పెట్టడం మీ చేతిలో ఉంది.

నా పలకల లెక్క చూసి అప్పటి విభాగాధిపతి "ముందే చెప్పవలసింది కదమ్మా" అన్నారు. ఏడేళ్లలో నాలుగు అర్జీలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. అయినా తర్వాత ఖాళీ అయిన ల్యాబు నాకే ఇచ్చారు. రిటైరైన ఆచార్యులవారు చివరి పదేళ్లు ప్రయోగాల జోలికి పోలేదు కాబోలు, హుడ్ మీట నొక్కితే ఫ్యాను తిరగలేదు. ఇంజినీరింగ్ విభాగానికి ఉత్తరాలు రాసి బాగు చేయించుకునేసరికి మరో నాలుగు నెలలు పట్టింది. అంతవరకూ నా స్కాలరు భోజనం వేళ ఫ్లాస్కు పట్టుకుని పరుగెడుతూనే ఉంది.