పల్లానికి పిల్లిపెసర, గరువుకి ఉలవ

ప్రశ్న: సార్, మాది ఆనందపురం దగ్గర పల్లె. ఎకరం పల్లంలో వరి, అర ఎకరం ఎర్ర గరువులో, అంటే మెరక నేలలో, నువ్వులు వేస్తాం. ఆ తర్వాత మళ్లీ వానల దాకా భూమి ఖాళీయే. మా అబ్బాయి అమెరికాలో, ఒహాయోలో ఉంటాడు. అక్కడి రైతులు సెప్టెంబరు, అక్టోబరుల్లో పంట తీశాక రై అనే గోధుమలాంటి ధాన్యం, ఓట్స్, ముల్లంగి చల్లి నేలకు బలం తెస్తారట. విత్తనాలు పంపిస్తానంటున్నాడు. అవి నేలలో ఉన్న పదునంతా, అంటే తడంతా, లాగేస్తాయని మా మరిది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆలోచన చాలా మంచిది. విత్తనాలు మాత్రం పంపొద్దని చెప్పండి. పర్మిట్ లేకుండా బయటి దేశాల విత్తనం తేకూడదు. పైగా అక్కడ ఓట్స్‌నీ ముల్లంగినీ గడ్డకట్టే చలే చంపేస్తుంది, రైతుకి ఆ పని తప్పుతుంది. రై ఒక్కటే చలికాలం దాటి బతుకుతుంది. మన దగ్గర అంత చలి ఎక్కడిది? పైరుని ఎప్పుడు ఆపాలో మనమే చూసుకోవాలి.

పల్లంలో పిల్లిపెసర వేయండి, అది నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు. వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, నేల ఇంకా కాలికి మెత్తగా తగులుతుండగానే, నిలబడ్డ చేలో ఎకరానికి ఎనిమిది కిలోలు చల్లండి. కోశాక చూద్దాంలే అనుకుంటే నేల గట్టిపడిపోతుంది, గింజ మొలవదు. మిషన్‌తో కోయిస్తే చక్రాల కింద మొలకలు నలుగుతాయి కాబట్టి, కోసిన వెంటనే చల్లి పైపైన దున్నించండి.

గరువులో నువ్వులు తీయగానే, సెప్టెంబరులో ఉలవ. పద్మనాభంలో మా నాన్నగారు ఏటా ఇదే చేసేవారు. ఉలవ తీగ నేలంతా పరుచుకుంటే వాన ఆకు మీద పడుతుంది, మట్టి మీద పడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా గరువు సగం ఉలవ, సగం ఖాళీ. ఖాళీగా ఉన్న సగంలో నీరు జానెడు లోతున పాయలు కోసుకుపోయింది, పైమట్టంతా గెడ్డలో, అంటే వాగులో, కలిసింది. ఉలవ ఉన్న వైపు గట్టు వార మాత్రమే కోత పడింది. భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు, నీరు వాటిని ఎలా చీల్చిందో. ఆ రోజు మా చేను చూసి నాకు అవే గుర్తొచ్చాయి.

ఇక పదును సంగతి. రెండో పంట వేసుకునేవాళ్లకి మీ మరిదిగారి మాట నిజం. మీరు ఎలాగూ ఖాళీగా ఉంచుతున్నారు కదా, ఆ పదును ఎండకే పోతుంది. దాన్ని మొక్కకి తాగనివ్వండి.

పూత మొదలవగానే, అంటే 45, 50 రోజులకి, ఆపేయాలి. నేలలో తడి ఉంటే కలియదున్నండి. లేకపోతే కోసి అక్కడే పరిచేయండి, పొడి నేలలో దున్నితే కుళ్లదు. ఒక ఏడాది నేను జనుము వేసి, పసుపు పూలు కళ్లకి ఇంపుగా ఉన్నాయని డెబ్బై అయిదు రోజులు ఉంచేశాను. కాడ నార తేలి రోటవేటర్ పళ్లకి తాడులా చుట్టుకుంది. డ్రైవరు అరగంట కూర్చుని కత్తితో కోసి తీశాడు. ఆపైన వేసిన బెండ పసుపెక్కిపోయింది. ముదిరిన కాడ కుళ్లడానికి నేలలో ఉన్న నత్రజనే ఖర్చయిపోతుంది మరి.

ముప్పయ్యో రోజున ఒక పని చేయండి. మొక్కని చేత్తో పీకకండి, పారతో మట్టితో సహా లేపి బకెట్ నీళ్లలో ముంచండి. వేరు బుడిపెను గోరుతో చిదిమితే లోపల ఎర్రగా, గులాబీగా ఉండాలి. అప్పుడే గాలిలోని నత్రజని అందులో చేరుతున్నట్టు. తెల్లగా ఉంటే వచ్చేసారి విత్తనానికి రైజోబియం, అంటే ఆ బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా, పట్టించండి.

నాకున్న టెన్షనల్లా పశువులతోనే. కోతలయ్యాక ఊళ్లో పశువులని చేలల్లోకి వదిలేస్తారు. మీ మడి ఒక్కటే పచ్చగా ఉంటే రెండు రోజుల్లో నాకేస్తాయి. పక్క చేల వాళ్లతో ముందే మాట్లాడి, నలుగురూ కలిసి చల్లండి. మీకు ఆవు ఉంటే సగం మేతకి కోసుకున్నా తప్పులేదు, పేడ మాత్రం ఆ మడికే చేర్చండి. పచ్చిరొట్ట విత్తనం మామూలుగా ఖరీఫ్ ముందే రాయితీ మీద వస్తుంది. పిల్లిపెసర దొరికితే అప్పుడే కొని, ఎండబెట్టి దాచుకోండి.