గోడకూ తలకూ మధ్య ఎంత?

ప్రశ్న: నా వయసు 27. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఎనిమిది నెలల కిందట నాకు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్లు వాచి, మెల్లగా అతుక్కుపోయే జబ్బు) అని తేల్చారు. మాత్రలు వేసుకుంటున్నా, నొప్పి చాలావరకు తగ్గింది. డాక్టరు గారు ఆర్నెల్లకోసారి రమ్మంటారు గానీ ఎక్స్‌రే తియ్యరు. లోపల జబ్బు పెరుగుతోందో ఆగిందో తెలిసేదెట్లా? ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటుంది మా అత్త. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పిల్లలకు వస్తుందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: (ఈ ఉత్తరాన్ని, పాతికేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్న ప్రొద్దుటూరు టైలర్ ఒకాయనకు పంపాం. ఆయన రాసిన జవాబు ఇది.)

తమ్ముడూ, నాకు 48. చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. ఎనిమిది నెలల కిందటే పేరు తెలిసిందంటే నువ్వు అదృష్టవంతుడివి. నాకు 23 ఏళ్లప్పుడు మొదలైతే ఆరేళ్లు స్లిప్ డిస్క్ అనే అనుకున్నారు. ఒకాయన మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు. దిగలేదు, ఇంకా బిగుసుకుపోయినా. తెల్లారుజామున మూడింటికి నడుం నొప్పితో మెలకువ వచ్చేది, లేచి వరండాలో నాలుగు చుట్లు తిరిగితే సర్దుకునేది. పడుకుంటే పెరిగి తిరిగితే తగ్గే నొప్పి అని ఎవరికీ చెప్పలేదు నేను, ఎవరూ అడగనూ లేదు. చివరికి ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టరు దగ్గరికి పోతే, "పొద్దున లేవగానే నడుం పట్టేస్తుందా?" అని ఆయన అడిగినాడు. ఈ జబ్బు కంటినీ పట్టుకుంటుంది మరి, అట్లా బయటపడింది.

నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు ఆగిందనుకోవద్దు. నా జబ్బు పెరిగిన సంగతి నేను చొక్కాలో కనిపెట్టినా. పాత కొలతలతోనే కుట్టుకున్న చొక్కా వెనక అంచు పైకి లేచి, ముందు అంచు కిందికి జారుతోంది. వీపు వంగిన పెద్దవాళ్లకు మేం వెనక ముక్క కాస్త పొడుగు పెడతాం. నాకు 36 ఏళ్లకే అంగుళం పెట్టుకోవాల్సి వచ్చింది. దానికి ముందు రెండేళ్లు నొప్పి పెద్దగా లేదు, నేను డాక్టరు మొహం చూడనూ లేదు.

అప్పటినుంచి నెలకోసారి కొలుస్తా. మొదటిది గోడ కొలత. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, గడ్డం ఎత్తకుండా తల వెనక్కి నెట్టాలి. తల గోడకు తగలాలి. తగలకపోతే ఆ సందు ఎంతో కొలవాలి. నాది అప్పట్లో 4 సెంటీమీటర్లు. రెండోది నడుం. పిరుదులకు పైన రెండు గుంటలుంటాయి కదా, వాటికి సమంగా మా ఇంటామె మార్కింగ్ చాక్‌తో ఒక గీత గీస్తుంది, దానికి 10 సెంటీమీటర్ల పైన ఇంకోటి. మోకాళ్లు మడవకుండా ముందుకు వంగితే ఆ 10 కాస్తా మామూలు మనిషికి 15 దాకా సాగుతుంది. నాది 12న్నర దగ్గర ఆగుతుంది. మూడోది ఛాతీ. గాలి పూర్తిగా వదిలి ఒకసారి, నిండా పీల్చి ఒకసారి. తేడా 5 దాకా ఉండాలి, నాకు 3. ఈ జబ్బు పక్కటెముకల కీళ్లనూ పట్టుకుంటుంది మరి.

కొలిచేది ఒక్కరే అయ్యుండాలి, వేళా ఒకటే ఉండాలి. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నేను ఇద్దరు మనుషులం. పాత గుడ్డ టేపు వాడొద్దు, సాగిపోయి ఉంటుంది. ఈ మాట టైలర్‌గా చెప్తున్నా. ఒక నెల అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే కంగారు పడకు. మూడు నాలుగు నెలలు ఒకే వైపు జరుగుతుంటే కొలతలు రాసుకున్న పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి పో.

మీ డాక్టరు ఎక్స్‌రే తియ్యకపోవడం సబబే. ఎముకలో మార్పు చాలా నిదానం, రెండేళ్లలోపు మళ్లీ తీసినా సాధారణంగా కొత్త సంగతేమీ కనబడదు. రక్తంలో సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అని ఒంట్లో వాపు ఎంతుందో తెలిపే పరీక్షలు చూస్తారు. జబ్బు చురుగ్గా ఉన్నా అవి మామూలుగా వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, నేనూ అంతే. అందుకే ఆరు ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. బాస్‌డాయ్ అంటారు, ఇంగ్లండులోని బాత్ ఊరి డాక్టర్లు తయారుచేసింది, 1994లో వచ్చింది. గడిచిన వారంలో అలసట, వెన్నునొప్పి, మిగతా కీళ్ల నొప్పి, తాకితే నొప్పెట్టే చోట్లు, పొద్దుటి బిగుతు ఎంత, ఎంతసేపు. ఒక్కోదానికి సున్నా నుంచి 10. చివరి రెండిటి సగటును మొదటి నాలుగిటికి కలిపి 5తో భాగించు, లెక్కలు రాసేవాడివి కదా. 4 గానీ అంతకు మించి గానీ వస్తే మందు సరిపోవడం లేదేమోనని డాక్టరు ఆలోచిస్తారు. నాకట్లాగే నాలుగేళ్ల కిందట ఇంజెక్షన్లు మొదలుపెట్టినారు, ముందు క్షయ ఉందేమో పరీక్ష చేసి. రెండు గంటల బిగుతు ఇరవై నిమిషాలకు దిగింది. అప్పటికే అతుక్కున్న మెడ మాత్రం అతుక్కునే ఉంది.

మాత్రలు నీ అంతట నువ్వు మానొద్దు; కడుపు మంట, బీపీ, కిడ్నీ సంగతి మాత్రం అడుగుతూ ఉండు. బీడీ, సిగరెట్టు ఉంటే ఈరోజే ఆపు, వెన్ను అతుక్కోవడాన్ని అది తొందర చేస్తుంది. సెలూన్‌లో మెడ విరిపించుకోకు. బిగిసిన వెన్ను చిన్న దెబ్బకే చిట్లుతుంది, బస్సు కుదుపుకో జారిపడినందుకో కొత్త నొప్పి పుడితే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. కన్ను ఎర్రబడి నొప్పెడితే అదే రోజు చూపించు. నేను మిషను మీద బాబిన్ దారం అయిపోయినప్పుడల్లా లేచి నిలబడతా. నువ్వు పేజీ తిప్పినప్పుడల్లా లేయి.

మీ అత్త మాట కొట్టిపారేసేది కాదు. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లతో మెడలు, నడుములు బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు, పైకి చూస్తే మనలాగే ఉంటారు. ఎక్స్‌రేలో వాళ్ల ఎముకలు మరీ తెల్లగా, చిక్కగా కనబడతాయి, ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడి ఉంటుంది. నీకు వెన్ను అడుగున కటి ఎముకతో కలిసే కీళ్ల (శాక్రోఇలియాక్ అంటారు) ఎమ్మారై తీసి తేల్చారో లేదో అడుగు. తీసి ఉంటే ఆ ఫిల్మ్ మీ అత్తకు చూపించు.

పెళ్లి సంగతి. అమ్మాయికి ముందే చెప్పు, మధ్యవర్తి చేత కాదు, నువ్వే. ఈ జబ్బుతో ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు నీకు ఉంటే బిడ్డకు ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. వచ్చినవాళ్లలోనూ ఎక్కువమందికి జబ్బు రాదు. నా కూతురికి 19, ఆ పరీక్ష చేయించలేదు. పొద్దున నడుం పట్టేస్తే చెప్పమన్నా, అంతే. నా గోడ కొలత ఇప్పుడు రాసేది తనే. పోయిన నెల 6న్నర అని రాసింది. 6 అన్నా నేను, ఒప్పుకోలేదు.