ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు డక్టు తలుపు కూడా తెరిపించండి

ఇల్లు మారుతున్నామని, ఇప్పుడున్న ఇంటర్నెట్ కనెక్షన్‌ను కొత్త ఇంటికి మార్పించుకోవాలా లేక అక్కడ కొత్తది తీసుకోవాలా అని, అత్తగారి ల్యాండ్‌లైన్ నంబరు పోకుండా ఉంటుందా అని అడిగారు. మొదటి దానికి నా జవాబు సూటిగా చెబుతాను: కొత్తది తీసుకోండి. అది నడవడం మొదలై, నాలుగు రోజులు నిలకడగా పనిచేశాకే పాతది తీసేయించండి. రెండూ కలిసి నడిచే కొద్ది రోజులకు నాలుగైదు వందలు అదనంగా పోతాయి, పోనివ్వండి.

ఎందుకంటే "షిఫ్టింగ్" అని పెట్టుకున్న అర్జీలో పాత ఇంటి లైను తీసేయడం ఒక మనిషి పని, కొత్త ఇంటి లైను వేయడం ఇంకొక మనిషి పని. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా నేను చూడలేదు. మొదటి పని చకచకా అయిపోతుంది. రెండోది "మీ ఏరియా బాక్సులో పోర్టు ఖాళీ లేదు" దగ్గర ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌లో ఉన్న అమ్మాయి పిన్‌కోడు చూసి "మీ ప్రాంతంలో మా సేవ ఉంది" అంటుంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. కానీ పిన్‌కోడులో సేవ ఉండటం వేరు, మీ మెట్ల పక్కన డక్టులో, అంటే తీగలు అంతస్తులకు వెళ్లే నిలువు గూటిలో, తీగ ఉండటం వేరు. మీకు కనెక్షన్ వస్తుందో రాదో తేల్చేది ఆ డక్టే.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు పనులు చేయాలంటాను. పై అంతస్తులో, పక్క వాటాలో ఉన్నవాళ్లను ఏ కంపెనీ వాడుతున్నారో, వర్షం పడితే ఎన్నాళ్లు ఆగిపోతుందో అడగాలి. మీ ఫోను పట్టుకొని వంటింట్లో, వెనక గదిలో, తలుపులు మూసి, ఒక కాల్ మాట్లాడి చూడాలి. బ్యాంకు ఓటీపీ రావాలన్నా సిగ్నల్ ఉండాలి కదా. మూడోది, డక్టు తలుపు తెరిపించాలి. నీళ్లు వస్తాయా, వాస్తు బాగుందా అని గంటసేపు అడిగే మనం ఈ తలుపు దగ్గర అర నిమిషం కూడా ఆగం.

మేము హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంటుకు మారినప్పటి సంగతి చెబుతాను. నేను సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. ఇంటర్నెట్ లేకపోతే ఆ పిల్లల పాఠం ఆగుతుంది, నా సంపాదన కూడా ఆగుతుంది. మంచి రోజు చూసుకొని ముందుగా పాలు పొంగించి, సామాను తర్వాత తెచ్చుకోవడం మనకు ఉన్నదే. ఆ పాలు పొంగించే రోజుకే లైను వేయడానికి రమ్మని చెప్పాను. ఇల్లంతా ఖాళీగా ఉంటుంది, బీరువాలు జరపక్కర్లేదు, తీగ ఎటు నుంచి ఎటు పోవాలో దగ్గరుండి చూసుకోవచ్చు. మీరూ అలాగే చేయండి. అందులోనూ ఆషాఢంలో ఎవరూ మారరు, శ్రావణం రాగానే ఊరంతా ఒకేసారి మారుతుంది. పైగా అది వానాకాలం. ఆ రోజుల్లో లైను వేసే కుర్రాళ్లకు ఊపిరి సలపదు. శ్రావణంలో మారేవాళ్లయితే బుకింగ్ ఆషాఢంలోనే చేసి పెట్టుకోవాలి.

చెప్పిన వేళకే ఆ అబ్బాయి వచ్చాడు. భుజానికి కేబుల్ చుట్ట, చేతిలో తీగలు అతికించే స్ప్లైసింగ్ యంత్రం పెట్టె. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. "సెక్రటరీ గారు వద్దన్నారమ్మా, మన బిల్డింగుకు ఒక్క కంపెనీయే" అన్నాడు. నేను కిందికి వెళ్లేసరికి సెక్రటరీ గారూ వచ్చారు. "మేడం, ఎవరికి వారు తీగలు లాగితే గోడలు పాడవుతాయి. ఉన్న కంపెనీ దగ్గరే తీసుకోండి" అన్నారు. ఆ కంపెనీ సంగతి నేను ముందే అడిగి ఉన్నాను. మేడ మీది ఆవిడ, సాయంత్రం ఏడు దాటితే వీడియో కదలదని చెప్పింది. నా పాఠాలన్నీ ఏడు తర్వాతే.

"ఒక్క కంపెనీయే ఉండాలని సర్వసభ్య సమావేశం తీర్మానం చేసిందా అండీ? చేస్తే ఆ కాగితం చూపించండి, ఈ అబ్బాయిని నేనే పంపించేస్తాను" అన్నాను. కాగితం లేదు. "అది అందరికీ తెలిసిందే" అన్నారు. అద్దెకు వచ్చినవాళ్లు ఇన్ని ప్రశ్నలు అడగరని కూడా అన్నారు. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది మేమే కదా!

గొడవ విని రెండో అంతస్తు నుంచి ఒక పెద్దాయన దిగి వచ్చారు. టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరయ్యారట. "కొత్త తీగ లాగాలో అక్కర్లేదో చూడకుండానే వాదన ఎందుకండీ? తాళం చెవి ఇవ్వండి" అన్నారు. డక్టు తెరిస్తే చీపుళ్లు, రంగు డబ్బాలు, వాటి వెనక చిక్కుపడిన తీగలు. ఆయన టార్చి వేసి ఒక్కొక్క తీగా తప్పిస్తూ పోయి, దుమ్ము పట్టిన తెల్లటి పెట్టె ఒకటి చూపించారు. నేను బుక్ చేసిన కంపెనీదే! ఒక లైనును ఎనిమిది కనెక్షన్లకు పంచే స్ప్లిటర్ ఎప్పుడో వేసి వెళ్లింది అందులో ఉంది, చాలా దారులు ఖాళీగానే ఉన్నాయి. గోడకు కొత్తగా ఒక్క మేకు కొట్టే పని లేదు. సెక్రటరీ గారు ఇంకేమీ అనలేదు.

ఆ తర్వాత మెట్ల మీదే కూర్చొని ఆ అబ్బాయి వెంట్రుకలాంటి గాజు పోగును, అంటే ఫైబర్‌ను, అతికించడం చూడాలి. పోగును తుడిచి, కోసి, యంత్రంలో పెట్టి మూత వేస్తే, లోపల సన్నని మెరుపుతో రెండు కొనలూ కలిసిపోతాయి. పోగులో వెలుగు ఎంత బలంగా వస్తుందో కొలిచే పవర్ మీటరు తగిలిస్తే మైనస్ ఇరవై ఒకటి చూపించింది. మైనస్ ఇరవై ఏడు కంటే కిందికి పడిపోతే లైను తెగుతూ, అతుకుతూ ఉంటుందని, ఇంట్లో పెట్టే మోడెం పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుందని చెప్పాడు. పెద్దాయన ముచ్చటగా చూస్తూ, రాగి తీగల రోజుల్లో తాము స్తంభమెక్కి టెస్ట్ ఫోను తగిలించి వినేవాళ్లమని చెప్పారు. మీ ఇంటికి వచ్చినవాళ్లను కూడా ఆ అంకె అడిగి రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత స్పీడు పడిపోయిందని ఫిర్యాదు చేసేటప్పుడు "వేసిన రోజు ఇంత ఉంది, ఇప్పుడు ఇంత ఉంది" అంటే ఎదుటివాళ్లు మాట దాటవేయలేరు.

ఒక్క కంపెనీతో బేరం కుదుర్చుకొని మిగతావాళ్లను గేటు దగ్గర ఆపే అసోసియేషన్లు, బిల్డర్లు మన నగరాల్లో ఎక్కువైపోయారు. ఎవరికి ఏమి ముడుతుందో నేను చెప్పలేను గానీ, నష్టపోయేది మాత్రం లోపల ఉండేవాళ్లే. పోటీ లేని చోట మరమ్మతుకు ఎవరు పరుగెత్తుకొని వస్తారు? భవనాల్లో నెట్ సౌకర్యానికి నక్షత్రాల రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. మంచిదే, కానీ అది స్వచ్ఛందం. నన్నడిగితే అది తప్పనిసరి కావాలి, టూలెట్ బోర్డు మీద కూడా రాయాలి.

స్తంభాల మీద వేలాడే తీగల సంగతి కూడా చూసుకోండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు, చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల కంటే ఇంటర్నెట్ ఎక్కువ కాదు. కానీ ఏళ్ల తరబడి తీగలు అలా గుత్తులుగా వేలాడనిచ్చింది ఎవరు? భూగర్భంలో వేసే దారి చూపకుండా ఒక్కసారిగా కోస్తే ఇబ్బంది పడేది ఇంట్లో కూర్చొని పనిచేసుకునేవాళ్లు, చదువుకునే పిల్లలు.

డబ్బు విషయంలో ఒక్కటే చెబుతాను. అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకు రాయించుకొని, నెట్ ప్లాను పన్నెండు నెలలకు ఒకేసారి కట్టేవాళ్లు ఎందరో. ఇల్లు మారితే మిగిలింది తిరిగి రాబట్టుకోవడం కష్టం. అద్దె ఇంట్లో నెలనెలా కట్టే ప్లానే మేలు. పాతది తీసేయించేటప్పుడు మోడెం పెట్టె, దాని అడాప్టరు రెండూ ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోండి. డిపాజిట్ ఇవ్వకుండా తిప్పితే ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోవాలి, అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగం. అప్పీలుకు రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలని నిబంధన. ట్రాయ్‌కి నేరుగా రాస్తే వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక అత్తగారి ల్యాండ్‌లైన్. మొబైల్ నంబరును 2011 జనవరి 20 నుంచి దేశమంతటా కంపెనీ మారినా ఉంచుకోవచ్చు. 2015 జూలై 3 నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లినా ఉంచుకోవచ్చు. ల్యాండ్‌లైన్‌కు ఆ హక్కు లేదు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. మా నాన్నగారి నంబరు మా పెదనాన్నలకు, మేనత్తలకు నోటికి వచ్చు. ఆ వయసువాళ్లు ఫోన్‌బుక్కులో వెతకరు, వేలితో నొక్కేస్తారు. నంబరు మారిందంటే వాళ్లలో సగంమంది పలకరింపు ఆగిపోయినట్లే. కాబట్టి నెట్ ఏ కంపెనీది తీసుకున్నా, ల్యాండ్‌లైన్ మాత్రం ఉన్న కంపెనీలోనే ఉంచి, దాన్ని ఒక్కదాన్నే మార్పించండి. రాగి తీగల కాలంలో ఎక్స్ఛేంజీ మారితే నంబరు మారేది. ఇప్పుడు ఫైబర్ మీదికి మార్చేటప్పుడు అదే ఊళ్లో అదే నంబరు ఇవ్వమని అడగవచ్చు. మా నాన్నగారికి అలాగే ఇచ్చారు. ఫోనులో అడగవద్దు, ఆఫీసుకే వెళ్లి, అదే నంబరు కావాలని అర్జీలో రాయించి, ముద్ర వేయించుకోండి. అది ఖాయమయ్యేదాకా పాత లైను సరెండర్ చేయవద్దు.

ఇంకొకటి, పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ఫోను అలా కాదు, పెట్టె ఆరిపోతే ఫోనూ ఆగిపోతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రూటర్ కోసం అమ్మే పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. ఇన్వర్టర్ ఉంటే, రూటర్ పెట్టే ప్లగ్గుకు దాని లైను వచ్చిందో లేదో సామాను దించకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.