పన్నెండు మంది యాత్ర, ఒకరి కార్డు, పన్నెండు రోజుల నిధి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం. ఐటీ ఉద్యోగం, చేతికొచ్చేది 82,000. హోమ్ లోన్ 26,000, ఇంటి ఖర్చు 38,000. మే చివర్లో చార్‌ధామ్ యాత్రకి నాలుగు కుటుంబాలు, మొత్తం 12 మందిమి డిసెంబర్‌లో బుక్ చేసుకున్నాం. తలకు 32,000. ట్రావెల్స్ వాళ్లకి 3,84,000 నా క్రెడిట్ కార్డు మీద కట్టి, 15 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ పెట్టించాను. నెలకు 34,659. ఎవరి వాటా వాళ్లు నెలనెలా పంపాలని మాట. మా ఇంట్లో నలుగురం, తోడల్లుడి వాళ్లు ముగ్గురు, ఆఫీసు ఫ్రెండ్ వాళ్లు ముగ్గురు, పక్క ఫ్లాట్ దంపతులు ఇద్దరు. పక్క ఫ్లాట్ వాళ్లు మొదటి రోజే 64,000 ఇచ్చేశారు. ఫ్రెండ్ ఒక్క నెల కట్టి ఆగిపోయాడు, ప్రాజెక్ట్ పోయి బెంచ్ మీద, అంటే చేతిలో పని లేకుండా ఉన్నాడు. తోడల్లుడు రెండు నెలలు కట్టి, రెండు నెలలు ఆపి, మొన్న ఒకేసారి 20,000 పంపాడు. నాలుగు ఈఎంఐలు అయిపోయాయి, తర్వాతిది మే 5న. ఇప్పుడు పక్క ఫ్లాట్ ఆంటీకి మోకాళ్ల నొప్పులని, రాలేమని, డబ్బు వెనక్కి ఇమ్మని అడుగుతున్నారు. వాళ్లిచ్చిన 64,000 ఎటు పోయిందో నాకే అర్థం కావట్లేదు. తోడల్లుడు పంపిన 20,000 ఎవరి ఖాతాలో వేయాలి? పర్సనల్ లోన్ తీసుకుని కార్డు క్లోజ్ చేయమంటారా? ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్ ఉందంటున్నారు. ఎమర్జెన్సీ ఫండ్ 90,000 ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

జవాబు: మీరు పంపిన నోట్‌బుక్ పేజీ ఫొటో చూశాను. నాలుగు పేర్లు, పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో టిక్కులు. ఎంత వచ్చింది, ఏ నెలకి వచ్చింది అన్న గడులే లేవు. ఇలాంటి పేజీలు నెలకు రెండు మూడు చూస్తుంటాను. గోవా, అరుణాచలం, కాశీ అంటూ ఊరు మారుతుంది గానీ కథ ఇదే. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడవు జవాబు.

ముందు మీ చివరి వాక్యం సంగతి చూద్దాం. 90,000 ముట్టుకోలేదన్నారు. ఆ ఖాతాలోనే తోడల్లుడి 20,000 కలిసి ఉంది, పక్క ఫ్లాట్ వాళ్ల 64,000 కూడా అందులోకే వచ్చింది. ఇప్పుడు వాళ్లు వెనక్కి అడుగుతున్నారు. ట్రావెల్స్ వాళ్లు ఎంత తిరిగిస్తారో తేలేదాకా ఆ 64,000 మీ నెత్తిమీద ఉన్న బాకీయే. తీసేయండి, 26,000 మిగిలింది. హోమ్ లోన్‌తో కలిపి మీ ఇల్లు నడవడానికి నెలకు 64,000 కావాలి, అంటే రోజుకు 2,133. ఆ 26,000 మీ ఇంటికి పన్నెండు రోజులు వస్తుంది. దాన్నా మీరు ఎమర్జెన్సీ ఫండ్ అంటున్నది?

మీకు ఉండాల్సింది కనీసం ఆరు నెలల ఖర్చు. 64,000 ఆరుసార్లు వేస్తే 3,84,000. కావాలని కలిపింది కాదు, లెక్కే అలా వచ్చింది: మీరు కార్డు గీకిన మొత్తం అక్షరాలా అదే. ఆరు నెలల నిధి దాచుకోవాల్సిన మనిషి, అంతే మొత్తాన్ని పన్నెండు మంది కోసం అప్పు చేసి నెత్తిన పెట్టుకున్నాడు.

ఇంకో సంగతి మీరు రాయకుండానే రాశారు. ఫ్రెండ్‌దీ మీదీ ఒకే ఆఫీసు. అతని ప్రాజెక్ట్ పోయింది. రేపు మీ ప్రాజెక్ట్ పోతే? మీ జీతం ఆగే నెలా, అతని వాటా ఆగే నెలా ఒకటే అవుతుంది. ఎవరి వాటా ఆగినా నేను సర్దగలను అనుకుంటాం. సర్దాల్సిన అవసరం, సర్దలేని పరిస్థితి రెండూ కలిసే వస్తాయని ఎవరూ అనుకోరు. హైటెక్ సిటీలో లేఆఫ్ అంటే ఒక్కడికే వచ్చేది కాదు, ఒక్కోసారి ఫ్లోర్ మొత్తానికీ వస్తుంది.

జీతంలో ఖర్చులు పోగా మీకు మిగిలేది 18,000. మీ నలుగురి వాటా 11,553. ఇంతవరకు బాగానే ఉంది. ఫ్రెండ్ వాటా 8,665 మీ మీద పడితే 20,218, అప్పుడే జీతం దాటేశారు. పక్క ఫ్లాట్ వాళ్ల డబ్బు ఇచ్చేస్తే వాళ్ల వాటా 5,777 కూడా మీదే, మొత్తం 25,995. నెలకు దాదాపు 8,000 లోటు. ఇంకా ఎనిమిది నెలలు ఉంది. ఇందులో జీఎస్టీ కలపలేదు. మీ మొదటి నెల స్టేట్‌మెంట్ తీసి చూడండి. వడ్డీ 4,800 కింద జీఎస్టీ 864 అని చిన్న లైను ఉంటుంది. ఏడాది మొత్తానికి అది 5,744. ఆ లైను మీ నోట్‌బుక్‌లో ఎవరి పేరు కిందా లేదు. అంటే మీరే కట్టుకుంటున్నారు.

మన ఊళ్లో చీటీ నడిపేవాడు ఇంత అమాయకంగా ఉండడు. రిజిస్టర్డ్ చిట్ కంపెనీకి చట్టం 7 శాతం దాకా కమిషన్ ఇస్తుంది. పాట పాడినవాడు షూరిటీ పెడితేగానీ డబ్బు చేతికి రాదు. మీరు కమిషన్ లేని, షూరిటీ లేని చీటీ నడిపారు. అందరూ ముందే పాట పాడేసుకున్నారు. బ్యాంకుకి మాత్రం మీ ఒక్కరి పేరే తెలుసు. తోడల్లుడెవరో, ఆంటీ మోకాళ్లేమిటో దానికి అక్కర్లేదు.

ఇక 20,000 సంగతి. ఇందులో తికమక ఏమీ లేదు. ఒక మనిషి పంపిన డబ్బు ఆ మనిషి బాకీకే వెళ్లాలి, అదీ పాత బాకీతో మొదలుపెట్టి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 59 నుంచి 61 దాకా సెక్షన్లు దీని గురించే. ఇచ్చేవాడు దేనికోసమో చెబితే దానికే జమ. చెప్పకపోతే పుచ్చుకునేవాడి ఇష్టం. ఇద్దరూ ఏమీ అనకపోతే తేదీల వరసలో పాతది ముందు. ఇష్టం అంటే ఆయన మీకున్న బాకీల్లో ఏదో ఒకదానికి అని, పక్కవాడి బాకీకి అని కాదు. కాబట్టి తోడల్లుడి మూడో నెల, నాలుగో నెల కలిపి 17,330 తీరింది. మిగతా 2,670 ఐదో నెలకి అడ్వాన్సు. ఫ్రెండ్ లోటుకి ఆ డబ్బు సర్దారంటే రేపు ఆయన "నేను 20,000 పంపానుగా" అంటాడు, మీరు "అది వేరే దాంట్లో వేశాను" అంటారు. ఆ మాట మీ ఆవిడ, వాళ్లక్క మధ్యకి ఎన్నాళ్లకి చేరుతుందో మీకే బాగా తెలుసు.

పక్క ఫ్లాట్ వాళ్ల విషయంలో జరిగింది మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది. వాళ్లు ముందే 64,000 ఇచ్చారు. ఆ రోజే మొత్తం 3,84,000 కాకుండా 3,20,000కే ఈఎంఐ పెట్టించి ఉంటే సరిపోయేది. చేతిలో డబ్బు పెట్టుకుని, అదే డబ్బుకి వడ్డీ, జీఎస్టీ కలిపి ఏడాదికి 6,275 కడుతున్నారు. ఆ 6,275 వాళ్ల వాటాలో వేయడానికి వీల్లేదు, అది మీ పొరపాటు, మీరే భరించాలి. ఆ 64,000 ఎటు పోయిందో మీకు అర్థం కావట్లేదని రాశారు కదా. నాలుగు నెలలకి వాళ్ల వాటా 23,106 పోతే 40,894 మిగలాలి. ఫ్రెండ్ మూడు నెలల లోటు, తోడల్లుడి రెండు నెలల లోటు కలిపితే 43,324. అందులోకి వెళ్లిపోయింది. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ డబ్బుతో మిగతా వాళ్ల కిస్తీలు కట్టారన్నమాట.

వాళ్లకి ఎంత తిరిగివ్వాలి? టికెట్టు, గది, భోజనం మనిషికి విడివిడిగా పడే ఖర్చు. అందులో ట్రావెల్స్ వాళ్లు ఎంత వెనక్కిస్తే అంత ఇవ్వాలి. మీరు పంపిన కొటేషన్ ప్రకారం బండి మాత్రం అందరిదీ: టెంపో ట్రావెలర్ 72,000, తలకు 6,000. ఇద్దరు తగ్గినా డ్రైవర్ తగ్గించడు. పది మందికి పంచితే తలకు 7,200. ఆ అదనపు 1,200 రాని వాళ్లు భరించాలా, వెళ్లే వాళ్లు భరించాలా అన్నది డిసెంబర్‌లోనే వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క లైను రాసుకోవాల్సిన విషయం. రాసుకోలేదు. నన్నడిగితే బండి వాటా రాని వాళ్లదే, అంటే 12,000 మినహాయించాలి. వాళ్ల స్థానంలో ఇంకో ఇద్దరు దొరికితే అదీ అక్కర్లేదు. మామూలుగా దేశంలో తిరిగే విమాన టికెట్టు ఒకరి పేరు నుంచి ఇంకొకరికి మారదు. పది మంది దాటిన గ్రూప్ బుకింగ్‌లో పేర్లు చివర్లో ఇచ్చే వీలు ఉండొచ్చు, కనుక్కోండి.

ఫ్రెండ్‌తో ముఖాముఖి కూర్చోండి, మెసేజ్ వద్దు. కట్టలేనంటే ఈ వారమే మూడు టికెట్లు క్యాన్సిల్ చేయించండి. రోజు గడిచేకొద్దీ కోత పెరుగుతుంది. మొహమాటపడి మే దాకా లాగితే అతను యాత్రకీ వస్తాడు, బాకీ కూడా మీకే మిగులుతుంది. ఐదుగురూ తగ్గితే ఏడుగురికి బండి తలకు 10,286 అవుతుంది, అప్పుడు చిన్న బండి అడగండి. ఇక్కడ ఒక జాగ్రత్త. రీఫండ్ కార్డులోకి వచ్చినంత మాత్రాన ఈఎంఐ దానంతటదే తగ్గదు. చాలా బ్యాంకుల్లో అది క్రెడిట్‌గా పడి ఉంటుంది, కిస్తీ మాత్రం పాత మొత్తానికే నడుస్తుంది. ఫోన్ చేసి ఆ డబ్బు అసలుకి జమ చేయమని అడగాలి, క్లోజర్ చార్జీ ఎంతో కూడా అడగాలి.

పర్సనల్ లోన్ వద్దు. దాంతో అప్పు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుంది, కట్టేది మళ్లీ మీరే, మధ్యలో ప్రాసెసింగ్ ఫీజు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమన్న మొత్తం మాత్రమే కట్టి నెట్టుకొద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే చంపేయండి. చాలా కార్డుల్లో మిగిలిన బాకీకి నెలకు 3.5 శాతం, ఆపైన కూడా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 42 శాతం, ఆపైన. ఉత్తరంలో "ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్ ఉందంటున్నారు" అని కూడా రాశారు. దానికి జవాబు రాయను. మరీ తప్పకపోతే ఇంట్లో బంగారం మీద తీసుకోండి, అంతే.

యాత్రకి వచ్చేవాళ్ల హెల్త్ పాలసీలు అమల్లో ఉన్నాయో లేదో చూసుకోండి. కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు.

నేనేం తెలివైనవాణ్ణి కాదు. చాన్నాళ్ల కిందట మా బంధువుల్ని అరకు తీసుకెళ్లి అందరికీ నేనే కట్టాను. ఒక కజిన్ దగ్గర నాకు 4,200 రావాలి. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరం ఫోన్లు చూసుకుంటాం. నాకు అది 4,200తో పోయింది.

ఇప్పుడు చేయాల్సింది: మీ బ్యాంకులోనే ఇంకో సేవింగ్స్ ఖాతా తెరవండి. యాత్ర డబ్బు అందులోకే రావాలి, ఈఎంఐ అందులోంచే పోవాలి. ఎవరు పంపినా రిమార్క్స్‌లో పేరు, నెల రాయమనండి. ఈఎంఐకి ఐదు రోజుల ముందు వాటా రాకపోతే గ్రూప్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి. మీకు ఇబ్బందిగా ఉంటే మీ ఆవిడని పెట్టమనండి, తోడల్లుడి విషయంలో అది ఇంకా బాగా పనిచేస్తుంది. ఇంటి 26,000 మాత్రం వేరే ఖాతాలోకి మార్చండి, దాని కార్డు బీరువాలో పెట్టేయండి. మీ వాటా కట్టాక 18,000లో 6,447 మిగులుతుంది. అందులో జీఎస్టీ పోగా మిగిలినదంతా నెలనెలా అక్కడికే వెళ్లాలి. 26,000 నుంచి 3,84,000 దాకా చాలా దూరం, నాకు తెలుసు. ఈ కార్డు బాకీ తీరాక ఆ 11,553 కూడా అటే మళ్లించండి.

తర్వాతి ఈఎంఐ మే 5 అన్నారు. ఆంటీ వాళ్ల తలుపు ఈ రాత్రికే తట్టండి. డబ్బు ఎటు పోయిందో వాళ్లకి మీ నోటి నుంచే తెలియాలి.